వెలుతురుతో ముడి వేసే చదువుకు మన విద్యానిధిలో చోటు లేదా?



పోస్టు పొడుగుంది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. సగం చదివి తీర్పు చెప్పొద్దని మనవి. ఎందుకంటే మేము ఫిర్యాదు చేస్తున్నదే ఆ సంగతి మీద. గత నెల మన కార్యవర్గం ఒక దరఖాస్తును సగం కూడా చదవకుండా తీర్పు చెప్పింది.

ఆ రోజు విద్యానిధి దరఖాస్తులు పదకొండు బల్ల మీదికి వచ్చాయి. పది దరఖాస్తులు చకచకా పాసయ్యాయి. అన్నీ ఇంజనీరింగు, మెడిసిన్, ఫార్మసీ, ఒకటి సీఏ. పదకొండోది తిప్పి పంపారు. అది మన షోలాపూర్ గల్లీలో పుట్టి పెరిగిన పిల్లది. తండ్రి సాంచాల మీద పనిచేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. పిల్ల ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. చివరి ఆరు నెలలు పుణెలో ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు చేయాలి. దానికి జీతం లేదు, స్టైపెండు లేదు. గది అద్దెకు, మెస్సుకు కలిపి నెలకు 7 వేల చొప్పున 42 వేలు అడిగింది. కణాలను పెంచి పరీక్షించడానికి అతినీలలోహిత కాంతితో, అంటే యూవీ లైటుతో, హైడ్రోజెల్ తయారుచేయడం ఆ ప్రాజెక్టు.

పేరు చదవగానే గదిలో నవ్వులు. ఆ తర్వాత నాలుగు మాటలు వచ్చాయి. ఎవరన్నారో రాయం, ఏమన్నారో రాస్తాం.

"జెల్లి జేస్తదట. జెల్లితోని ఏం పనైతది?"

"యూవీ కిరణాలట. ఆడపిల్ల. రేపు సంబంధం చూసేటోళ్ళకు ఏం చెప్తరు?"

"జెలటిన్ అంటే పంది చర్మం. మార్కండేయుని పేరు జెప్పి జమ చేసిన పైసలు దానికియ్యాల్నా?"

"డాక్టరు గాదు, ఇంజనీరు గాదు. నౌకరీ గ్యారంటీ లేదు."

అంతే. ఫైలు మూసేశారు. ఆ గదిలో మేము నలుగురం ఉన్నాం. మాలో ముగ్గురం నోరు విప్పలేదు. నాలుగో మనిషి విప్పాడు గానీ తప్పు మాట చెప్పాడు. ఆ సంగతి తర్వాత ఒప్పుకుంటాం. అప్పుడు మాట్లాడలేకపోయినందుకే ఇప్పుడు ఇంత పొడుగు రాస్తున్నాం. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయడం లేదు, మీరూ రాయకండి. సమావేశం అయిన రాత్రే ఒక వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా ముచ్చట పెట్టుకున్నారు. అది చాలా తప్పు.

ముందు ఆ పని ఏమిటో తెలుసుకుందాం. మన ఇండ్లలో, మన కార్ఖానాల్లో ఎరిగిన సంగతే ఇది.

ఎండాకాలం సబ్జా గింజలు నీళ్ళలో వేస్తాం. కాసేపటికి ప్రతి గింజ చుట్టూ ఒక జిగురు పొర ఉబ్బుతుంది. గ్లాసు వంచినా ఆ పొరలోని నీళ్ళు కారిపోవు. అదే హైడ్రోజెల్. చూడ్డానికి గట్టి పదార్థం, లోపల చాలా వరకు నీళ్ళు. చంటిపిల్లల డైపరు తడిని పట్టి ఉంచే పొడి ఆ జాతిదే. కండ్లకు పెట్టుకునే మెత్తని కాంటాక్ట్ లెన్సు ఆ జాతిదే.

నీళ్ళు ఎందుకు కారిపోవు? ఇది నేతవాళ్ళకు వేరేవాళ్ళు చెప్పాల్సిన పని లేదు. నూలు పోగులు విడివిడిగా కుప్పగా ఉంటే ఎటు లాగితే అటు వస్తాయి. అక్కడక్కడ ముడి వేస్తే వల అవుతుంది. ముడులు దగ్గర దగ్గరగా ఉంటే వల బిగుస్తుంది, దూరంగా ఉంటే వదులవుతుంది. హైడ్రోజెల్‌లో పోగులంటే కంటికి కనబడని పొడుగాటి అణువుల గొలుసులు. ఆ గొలుసుల మధ్య ముడులు పడితే వల ఏర్పడి నీళ్ళను పట్టుకుంటుంది. ఎన్ని ముడులు పడితే జెల్ అంత గట్టిగా ఉంటుంది.

ఆ ముడులను వెలుతురుతో వేయడమే ఆ పిల్ల నేర్చుకోబోతున్న విద్య. వింతగా ఉందా? మన ఊళ్ళో స్క్రీన్ ప్రింటింగు చేసేవాళ్ళను అడగండి. తెర మీద ఎమల్షన్ రాస్తారు, చీకట్లో ఆరబెడతారు, డిజైను ఫిల్ము పెట్టి లైటు కొడతారు. వెలుతురు పడ్డచోట పూత గట్టిపడుతుంది. నల్లటి డిజైను నీడ పడ్డచోట నీళ్ళతో కడిగితే పూత పోతుంది, ఆ సందుల్లోంచి రంగు దిగుతుంది. నీళ్ళలో కరిగే పాలిమర్‌కు వెలుతురుతో ముడులు వేసి కరగకుండా చేయడం, అంతే. తువ్వాలు మీద పువ్వు అచ్చు వేయడానికి మనం ఎప్పటినుంచో వాడుకుంటున్న సూత్రాన్ని ఆ పిల్ల కణాల కోసం వాడబోతోంది. కార్ఖానాలో చేస్తే వ్యాపారం, ప్రయోగశాలలో చేస్తే నవ్వులాటా?

ఇప్పుడు ఒక్కొక్క మాటకూ జవాబు చెప్తాం.

మొదటిది, జెల్లీతో ఏం పని అన్న మాట.

1881లో జర్మనీలో రాబర్ట్ కోఖ్ ప్రయోగశాలలో ఒక చిక్కు వచ్చింది. సూక్ష్మజీవులను పెంచడానికి జెలటిన్ వాడేవారు. వేడికి అది కరిగిపోయేది. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తినేసి నీళ్ళు చేసేవి. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సే అనే వైద్యుడి భార్య ఫాన్నీ హెస్సే తన వంటింట్లో జెల్లీలకు అగర్ వాడేది. సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం అది. ఎండకు కూడా కరగదు, దాన్ని వాడి చూడండి అని చెప్పింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో సూక్ష్మజీవులను పెంచే ప్రతి ల్యాబులో అగర్ ఉంది. మన ఇంట్లో ఎవరికైనా మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే "కల్చర్ టెస్టు" అంటారు కదా, ఆ గాజు పళ్ళెంలో అడుగున ఉండేది ఆ జెల్లీయే. వంటింటి జెల్లీ అని నవ్వి ఉంటే ఆ పరీక్ష ఉండేది కాదు.

ఇప్పుడు జెలటిన్ దగ్గరికే మళ్ళీ వద్దాం. మన ఒంట్లో కణాల చుట్టూ ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తి నుంచే జెలటిన్ వస్తుంది. అందుకే కణాలు దానికి బాగా అతుక్కుంటాయి. కానీ ఒంటి వేడి 37 డిగ్రీలు. ఆ వేడికి జెలటిన్ జెల్ కరిగి ద్రవమైపోతుంది. అంటే ఫాన్నీ హెస్సే కాలం నాటి చిక్కే. దీనికి 2000లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒక దారి ప్రచురించారు. జెలటిన్ గొలుసుకు మెథాక్రిలోయిల్ అనే చిన్న కొక్కేలు తగిలించారు. అందులో ఫోటోఇనిషియేటర్ అనే పదార్థం కొద్దిగా కలిపి యూవీ లైటు పెడితే అది విరిగి, చురుకైన ముక్కలు పుట్టి, ఆ కొక్కేలను ఒకదానికొకటి కలిపేస్తాయి. అలా పడ్డ ముడి 37 డిగ్రీల దగ్గరా విడిపోదు. కొన్ని సెకన్ల నుంచి కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. ద్రవంగా ఉన్నప్పుడే బతికున్న కణాలను కలిపేసి, తర్వాత లైటు పెట్టి, వాటిని లోపలే ఉంచి గట్టిపరచవచ్చు. ఎక్కడ లైటు పడితే అక్కడే గట్టిపడుతుంది కాబట్టి కావలసిన ఆకారం తీయవచ్చు. ఎంతసేపు పెడితే అంత గట్టి కాబట్టి మెత్తదనాన్నీ కొలత ప్రకారం తేవచ్చు.

మెత్తదనం ఎందుకంత ముఖ్యం? ల్యాబుల్లో కణాలను మామూలుగా ప్లాస్టిక్ పళ్ళేల్లో పెంచుతారు. మన మెదడుతో పోలిస్తే ఆ ప్లాస్టిక్ లక్షల రెట్లు గట్టిది. 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డెనిస్ డిషర్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఒకే రకం మూలకణాలను వేర్వేరు మెత్తదనం ఉన్న జెల్‌ల మీద వేశారు. మెదడంత మెత్తగా, 0.1 నుంచి 1 కిలోపాస్కల్ ఉన్న జెల్ మీద అవి నరాల కణాల దారి పట్టాయి. కండరమంత, 8 నుంచి 17 కిలోపాస్కల్ ఉన్నదాని మీద కండరం దారి. 25 నుంచి 40 మధ్య ఉన్న గట్టిదాని మీద ఎముక దారి. ఆ ప్రయోగంలోని జెల్‌ను వెలుతురుతో కాదు, రసాయనంతో గట్టిపరిచారు. కానీ ఆ తర్వాత అందరికీ తెలిసొచ్చింది ఒకటే: కణం ఏం చేస్తుందో దాని కింద ఉన్న పరుపు కూడా నిర్ణయిస్తుంది. పరుపు తప్పయితే ప్రయోగం ఫలితం తప్పు, ఆ ఫలితాన్ని నమ్మి చేసిన మందు పరీక్ష కూడా తప్పు. మరి ఆ పరుపును సరిగ్గా చేసే విద్యకు ఏం పని అని అడగడం, సాంచాకు పడుగు ఎందుకని అడిగినట్టు కాదా?

ఇక రోగుల సంగతి. మన పిల్లల్లో కొందరు కండ్లు గట్టిగా నలుపుకుంటుంటారు. అద్దాల నంబరు ఆరు నెలలకోసారి మారుతుంది. డాక్టరు కెరటోకోనస్ అంటాడు. కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా, పలచబడి ముందుకు పొడుచుకు వస్తుంది. ఈ కార్నియా కూడా పుట్టుకతో వచ్చిన హైడ్రోజెలే. నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్ళు, వాటిని పట్టి ఉంచే కొలాజెన్ పోగులు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పరిశోధకులు మొదట పంది కండ్ల మీద ప్రయోగం చేసి, ఆ తర్వాత రోగుల మీద చేసిన ఫలితాలను 2003లో ప్రచురించారు. రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్ చుక్కలు వేసి, 370 నానోమీటర్ల యూవీ కాంతిని తక్కువ మోతాదులో 30 నిమిషాలు పెట్టారు. కొలాజెన్ పోగుల మధ్య కొత్త ముడులు పడి కార్నియా గట్టిపడింది. జబ్బు ముదరడం ఆగింది. 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. ఇవాళ మన దేశంలోని కంటి ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు. క్రాస్ లింకింగ్ అని బిల్లులో రాస్తారు. మన సభ్యుల ఇండ్లలోనూ చేయించుకున్నవాళ్ళున్నారు. ముడి, జెల్, యూవీ: ఆ పిల్ల ప్రాజెక్టులోని మూడు మాటలూ ఆ బిల్లులోనే ఉన్నాయి. ఆసుపత్రిలో డబ్బులు కట్టి మరీ చేయించుకుంటాం, ల్యాబులో నేర్చుకుంటానంటే నవ్వుతాం.

రెండోది, యూవీ కిరణాలు ప్రమాదం అన్న మాట.

ఈ మాటను మేము కొట్టిపారేయం. యూవీ నిజంగా ప్రమాదమే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అతినీలలోహిత కిరణాలను క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో మొదటి వర్గంలో పెట్టింది. కాబట్టి ఆ పిల్ల క్షేమం గురించి అడగడం న్యాయం. కానీ అడిగినవాళ్ళు ఏం అడిగారు? ల్యాబులో కండ్లద్దాలు ఇస్తారా అని అడగలేదు. దీపానికి మూత ఉందా అని అడగలేదు. సంబంధం చూసేవాళ్ళకు ఏం చెప్తారు అని అడిగారు. అది క్షేమం గురించిన ప్రశ్న కాదు.

అడగాల్సినవి మేము అడిగాం, తెలుసుకున్నవి చెప్తున్నాం. యూవీలో రకాలున్నాయి. 315 నుంచి 400 నానోమీటర్లది యూవీ-ఏ, 280 నుంచి 315 దాకా యూవీ-బీ, అంతకన్నా పొట్టిది యూవీ-సీ. ల్యాబుల్లో క్రిములను చంపడానికి వాడే దీపం 254 నానోమీటర్లది, యూవీ-సీ. దాన్ని ఉత్త కంటితో కాసేపు చూస్తే ఆ రాత్రి కండ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. వెల్డింగు పని చేసే మన పిల్లలకు ఆ బాధ తెలుసు. జెల్ చేసేది ఎక్కువగా 365 నానోమీటర్ల దీపంతో, అది యూవీ-ఏ. అంత తీవ్రం కాదు గానీ దానికీ కండ్లద్దాలు, చేతులకు తొడుగులు, దీపం చుట్టూ మూసిన పెట్టె కావాలి. లైటు కంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది గట్టిపడక ముందున్న రసాయనాల దగ్గర. మెథాక్రిలేట్‌లు చర్మానికి తగిలితే కొందరికి దురద, అలర్జీ వస్తాయి. తొడుగు తప్పనిసరి.

ఇంకో సంగతి. పండ్ల డాక్టరు పుచ్చిన పంటిలో మెత్తని ముద్ద పెట్టి నీలం లైటు కొడితే అది గట్టిపడుతుంది కదా. అదీ వెలుతురుతో వేసే ముడే. 1970ల మొదట్లో అక్కడ యూవీ లైటే వాడేవారు. తర్వాత దాన్ని వదిలి నీలం వెలుతురుకు మారారు. హైడ్రోజెల్ పనిలోనూ అటువైపే పోతున్నారు. 405 నానోమీటర్ల ఊదా వెలుతురుకే పనిచేసే ఎల్ఏపీ అనే పదార్థంతో కణాలను జెల్‌లో పెట్టే పద్ధతి 2009లో ప్రచురితమైంది. యూవీ తగ్గితే లోపలి కణాలకూ మంచిదే, చేసే మనిషికీ మంచిదే. అంటే ప్రమాదాన్ని తగ్గించిందీ చదువుకున్నవాళ్ళే, ఆ పని నేర్చుకుని చేసినవాళ్ళే.

ఇప్పుడు మేము ఒక ఎదురు ప్రశ్న అడుగుతాం. ఆ పిల్ల తల్లి ఏండ్ల తరబడి పొగాకు దుమ్ములో కూర్చుని బీడీలు చుట్టింది. తండ్రి సాంచాల మోతలో, దూది నలుసుల్లో పనిచేశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో, ఆ మోత చెవులకు ఏం చేస్తుందో మనకు తెలియదా? ఆడపిల్లలు బడి మానేసి తల్లి పక్కన తంబాకు చాటతో కూర్చున్నప్పుడు, సంబంధం చూసేవాళ్ళకు ఏం చెప్తారని మన సంఘంలో ఎప్పుడైనా ఎవరైనా లేచి అడిగారా? అడగలేదు. దుమ్ముకు లేని అడ్డు దీపానికి వచ్చింది. కండ్లద్దాలు, తొడుగులు ఇచ్చే చోటికి పిల్ల పోతానంటే మనకు ఆరోగ్యం గుర్తొచ్చింది.

మూడోది, జెలటిన్ గురించి.

నిజమే. ల్యాబుల్లో వాడే జెలటిన్ ఎక్కువగా పంది చర్మం నుంచో, పశువుల తోలు, ఎముకల నుంచో వస్తుంది. ఈ మాట దాచడం మాకిష్టం లేదు. అయితే మన ఇండ్లలో మింగే చాలా క్యాప్సూల్ మందుల గొట్టాలు కూడా జెలటిన్‌వే. డాక్టరు రాస్తే నీళ్ళు తాగి మింగుతాం, చీటీ వెనక్కి ఇవ్వం. పండుగకు యాటను కోసి పప్పులో గోంగూరలో వండుకునే కులం మనది. నియమంగా మాంసం ముట్టని ఇండ్లు కూడా మనలో ఉన్నాయి, వాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. వాళ్ళెవరూ ఆ రోజు అభ్యంతరం చెప్పలేదు. చెప్పినవాళ్ళు ఎవరో, పోయిన దసరా భోజనంలో ఏ బంతిలో కూర్చున్నారో మాకు తెలుసు.

ఇంకొకటి చూడండి. జంతువుల గురించి బాధ ఉంటే ఈ చదువుకు ఇంకా ఎక్కువ సాయం చేయాలి. ఇవాళ కణాలను మూడు దిక్కులా పెంచడానికి ల్యాబులు ఎక్కువగా కొనేది మాట్రిజెల్ అనే పదార్థం. దాన్ని ఎలుకల్లో పెంచిన కణితి నుంచి తీస్తారు. ఖరీదు చాలా ఎక్కువ, ఒక సీసాకూ ఇంకో సీసాకూ తేడా ఉంటుంది. దాని బదులు కొలత ప్రకారం చేసుకునే జెల్‌లు రావాలనే ఈ ప్రయత్నాలు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, పూర్తిగా రసాయనంతో చేసే పాలీఇథిలీన్ గ్లైకాల్, చేప జెలటిన్ కూడా వాడతారు. మందులను మనుషులకు ఇచ్చే ముందు జంతువుల మీదే పరీక్షించాలన్న పట్టు కూడా సడలుతోంది. 2023లో కేంద్ర ప్రభుత్వం కొత్త మందుల నిబంధనలు సవరించి, మనిషి కణాలతో చేసే ఇలాంటి పరీక్షలకు చోటిచ్చింది. ఆ పరీక్షల్లో కణాలకు పరుపు కావాలి. ఆ పరుపు చేసేవాళ్ళు కావాలి. ఏ పదార్థం వాడాలో నిర్ణయించేది ప్రయోగం, దాన్ని నేర్పే గురువు. విద్యానిధి కార్యవర్గం కాదు.

నాలుగోది, డాక్టరు కాదు, ఇంజనీరు కాదు అన్న మాట.

మన విద్యానిధి నియమావళి తీసి చదివాం. అందులో "ఉన్నత విద్య చదివే పేద విద్యార్థులకు" అని మాత్రమే ఉంది. ఏ చదువో లేదు, ఉద్యోగం గ్యారంటీ అని అసలు లేదు. ఇంటింటికీ తిరిగి వర్గణీ వసూలు చేసేటప్పుడు "మన పిల్లల చదువుకు" అని అడుగుతాం, "మన పిల్లల ప్యాకేజీకి" అని అడగం. ఆ వర్గణీ ఇచ్చినవాళ్ళలో ఆ పిల్ల తల్లి కూడా ఉంది. బీడీల కూలీ నుంచి ఇచ్చింది. రసీదు పుస్తకంలో చూసుకోవచ్చు.

డాక్టరు చేతికి వచ్చే ప్రతి పనిముట్టూ ఎక్కడో ఒక ల్యాబులో, చాలాసార్లు నవ్వులపాలైన మనిషి చేతిలో పుట్టింది. మెత్తని కాంటాక్ట్ లెన్సును 1961 క్రిస్మస్ రోజుల్లో ప్రాగ్ నగరంలో ఓటో విఖ్టెర్లె అనే రసాయన శాస్త్రవేత్త తన ఇంట్లో తయారుచేశాడు. పిల్లలు ఆడుకునే ఇనుప ముక్కల ఆటసామానుతో, సైకిల్ డైనమోతో యంత్రం కట్టుకున్నాడు. ఆ రోజు మన కార్యవర్గం ఆ వంటింటికి పోయి ఉంటే ఏమనేదో ఊహించుకోండి. మన హైదరాబాద్‌లోనే 2022లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి మనిషి కార్నియా నుంచి తయారుచేసిన హైడ్రోజెల్‌తో, మనిషి కంటి మూలకణాలతో త్రీడీ ప్రింటింగులో కార్నియా చేసి కుందేలు కంటికి అమర్చారు. కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో మూట కట్టుకుని మన తాతలు ఈ ఊరికి వచ్చారని ప్రతి సభలో చెప్పుకుంటాం. వాళ్ళు వదిలి వచ్చిన నేల మీద ఈ పని జరుగుతుంటే, ఇక్కడ వాళ్ళ మనవరాలు ఆ పనే నేర్చుకుంటానంటే జెల్లి అని నవ్వుతాం.

ఇప్పుడు మా తప్పు సంగతి. ఆ రోజు మాలో ఒకరు, పిల్ల తరఫున మాట్లాడాలన్న ఆవేశంలో, "రేపు ఈ పిల్ల ల్యాబులో కిడ్నీ తయారుచేస్తది" అన్నాడు. అది అబద్ధం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. పూర్తి కిడ్నీని ల్యాబులో చేసి మనిషికి పెట్టే రోజు ఇంకా రాలేదు. నెత్తురు గొట్టాలు లేకుండా మందమైన కండ బతకదు, లోపలి కణాలకు గాలి, ఆహారం అందవు. ఆ చిక్కు ఇంకా పూర్తిగా విడలేదు. ఆ పిల్ల ఆరు నెలల్లో చేసేది చాలా చిన్న పని. రకరకాల సమయాలు లైటు పెట్టి, ప్రతి జెల్ గట్టిదనం కొలిచి, ఏ కొలతలో కణాలు ఎన్ని బతికాయో లెక్కపెట్టి రాస్తుంది. చాలా రోజులు జెల్ గట్టిపడదు. గాలిలోని ఆక్సిజన్ ఆ చురుకైన ముక్కలను మింగేసి పై పొరను జిగటగా ఉంచేస్తుంది. మళ్ళీ చేయాలి. మళ్ళీ రాయాలి. సోకులకు పోయే చదువు కాదిది. తల్లి రోజుకు ఇన్ని కట్టలని లెక్క తప్పకుండా చుట్టిన ఓపికే ఈ పనికీ కావాలి. మేము గొప్పలు చెప్పి సాయం అడగడం లేదు. చిన్న పనినే చిన్న పనిగా చూపించి అడుగుతున్నాం.

మా డిమాండ్లు మూడు. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో వీటిని రాతపూర్వకంగా పెడతాం.

మొదటిది, ఆ దరఖాస్తును మళ్ళీ బల్ల మీద పెట్టాలి. పిల్లను పిలిచి పది నిమిషాలు మాట్లాడనివ్వాలి. క్షేమం గురించి అడగండి, గురువు ఎవరని అడగండి, ఖర్చు లెక్క అడగండి. సంబంధాల గురించి అడగొద్దు.

రెండోది, విద్యానిధిలో మూల శాస్త్రాలు చదివే పిల్లలకు ఏటా కనీసం రెండు చోట్లు ఉంచాలి. దరఖాస్తు అర్థం కాకపోతే మన సమాజంలోనే కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళను అడగాలి. అర్థం కాలేదు అని చెప్పడం నామోషీ కాదు. అర్థం కాలేదు కాబట్టి తిప్పి పంపాం అనడం నామోషీ.

మూడోది, దరఖాస్తుల్లోని పేర్లు, ఇంటి సంగతులు గ్రూపుల్లో పెట్టినవాళ్ళు ఆ పిల్ల తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పాలి. మౌనంగా కూర్చున్న మేమూ చెప్తాం. ముందు మేమే చెప్తాం.

ఒకవేళ సభ ఒప్పుకోకపోయినా ఆ పిల్ల పుణెకు పోతుంది. మేము నలుగురం, ఇంకో ఏడుగురు సభ్యులు కలిసి మొదటి మూడు నెలల డబ్బు జమ చేశాం, ఆమె చేతికి ఇచ్చేశాం. కాబట్టి ఇది ఇప్పుడు ఆ పిల్ల సమస్య కాదు. మన సంఘం సమస్య. నారళీ పూర్ణిమ నాడు మార్కండేయుని రథం లాగడానికి వేలమంది వస్తాం, తాడు పట్టుకోవడానికి పోటీ పడతాం. ఆదివారం పది గంటలకు సంఘం హాలులో చేయెత్తడానికి ఎంతమంది వస్తారో చూడాలి.

ఇంట్లో ఆడపిల్లలుంటే వాళ్ళనూ వెంట తీసుకుని రండి. వాళ్ళ ముందే ఓటేద్దాం.